ఒక మైలు ఎక్కువ

మనవాళ్ళు ఎవరైనా కొత్త కారు కొన్నారంటే ముందు దాని రంగు చూడరు, వేగం అడగరు. "ఎంత ఇస్తుంది?" అంటారు. పాడిగేదె గురించి అడిగినట్టే అడుగుతారు. అమెరికాలో ఎన్నేళ్ళున్నా ఈ ప్రశ్న మారదు. ఆఫీస్ లంచ్ రూములో మిగతావాళ్ళు కంగ్రాట్స్ చెప్పి వెళ్ళిపోతే, మనవాడొకడు పక్కకి పిలిచి "గాలన్‌కి ఎంతిస్తోంది?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. అలా అడిగేవాళ్ళలో నేను మొదటివాణ్ణి. అంకెలో తప్పు కనిపిస్తే నా నోరు ఊరుకోదు. ఎవరైనా "సుమారుగా" అన్నారంటే కోపం ముక్కు మీదికొస్తుంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అని మా ఆవిడ నాకు ఎప్పుడో సర్టిఫికెట్ ఇచ్చేసింది. ఆ గుణంతో ఒక పెద్దమనిషికి నేను చేసిన హాని గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

2008లో ఉద్యోగం మారి సన్నీవేల్ నుంచి మిన్నెసోటా వెళ్ళాం. ఆ ఎండాకాలం గ్యాస్, అదే పెట్రోలు, ధరలు అందరికీ చుక్కలు చూపించాయి కాబట్టి మైలేజ్ మాట అందరి నోటా ఉండేది. మా ఎదురిల్లు ఒక రిటైర్డ్ డాక్టర్ గారిది. డెబ్భై మూడేళ్ళ మనిషి. డెబ్భైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఆ ఊరి ఆస్పత్రిలోనే ముప్ఫై ఏళ్ళు పనిచేసి, అక్కడే రిటైరయ్యారు. మేం వెళ్ళేసరికి వాళ్ళావిడ పోయి ఆరు నెలలు. ఒక్కతే కూతురు, టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటుంది. ఆయన్ని మేం అంకుల్ అనేవాళ్ళం. నేను ఎన్నడూ చూడని ఆవిణ్ణి కూడా ఆంటీ అనే అనేవాళ్ళం.

అంకుల్ తన పెద్ద కారు అమ్మేసి, ఆంటీ నడిపిన చిన్న సెడాన్ ఉంచుకున్నారు. దాని గ్లవ్ బాక్స్‌లో నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి ఉండేది. గ్యాస్ పోయించిన ప్రతిసారీ ఆంటీ అందులో తేదీ, మీటర్ రీడింగ్, ఎన్ని గాలన్లు పట్టాయో రాసి, ఆఖరి గడి పైన గుండ్రటి తెలుగు అక్షరాలతో "ఇచ్చింది" అని పెట్టుకున్నారు. ఎండాకాలం ముప్ఫై ఒకటి ఇచ్చింది. చలికాలం ఇరవై ఆరు ఇచ్చింది. ఏడేళ్ళపాటు ఒక్క గడి ఖాళీ లేదు. అది మొదటిసారి చూసినప్పుడు ఆవిడతో నాకు చుట్టరికం ఉన్నట్టనిపించింది.

ఆవిడ పోయాక అంకుల్ ఆ నోట్‌బుక్ కొనసాగించారు. ఆయనకి రోజూ ఒకటే ప్రయాణం. పొద్దున తొమ్మిదింటికి మాల్‌కి వెళ్ళి, లోపలే గంటసేపు నడిచి, కాఫీ తాగి ఇంటికి రావడం. బయట మంచు పడితే ఆ ఊళ్ళో పెద్దవాళ్ళంతా చేసే పనే అది. గరాజ్‌లోంచి కారు తీసేముందు ట్రిప్ మీటర్ సున్నా చేసేవారు, తిరిగొచ్చి ఎంతైందో రాసేవారు. పోనూ రానూ ఇరవై మైళ్ళు. నోట్‌బుక్ మొదటి పేజీలో ఆంటీ రాసిపెట్టుకున్నదీ మాల్‌కి ఇరవైయే.

అక్టోబర్ చివర్లో వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కష్టపడి మాట్లాడుతుంది.

"నాన్న స్నోలో డ్రైవ్ చేయడం నాకు ఇష్టం లేదు. అమ్మ ఉంటే ఓకే. ఇప్పుడు హి ఈజ్ అలోన్. మీరు చెప్తే వింటాడు."

అంకుల్ వినలేదు. ఆ పొద్దుటి మాల్ నడక తప్ప తనకి ఇంట్లోంచి బయటపడే పనేమీ లేదన్నారు. చివరికి మధ్యేమార్గంగా నేనొక మాటన్నాను: కారుకి స్నో టైర్లు వేద్దాం. కూతురు ఒప్పుకుంది. సరిగ్గా అప్పుడే మా ఆఫీస్‌లో ఒక కుటుంబం కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కి వెళ్ళిపోతోంది. అక్కడ మంచు మొహం చూసే పని లేదు కాబట్టి నాలుగు స్నో టైర్లు, ఇనప చక్రాలతో సహా, ఎవరికైనా ఇచ్చేస్తామన్నారు. వాళ్ళది ఇంకా చిన్న కారు. అంకుల్ కారుకున్నవి పదహారు అంగుళాల చక్రాలు, ఇవి పదిహేను. బోల్టుల కంతలు సరిపోతాయని చూసుకుని, ఒక శనివారం ఆయన గరాజ్‌లో జాకీ పెట్టి నేనే మార్చాను. ఎక్కడా ఇబ్బంది లేకుండా ఎక్కాయి. సరిపోయాయని తేల్చేశాను.

అంకుల్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, నేను అనుకున్న ప్రశ్నే వేశారు.

"ఏమోయ్, ఇవి వేస్తే తక్కువ ఇస్తుందిటగా?"

అడగడమే ఆలస్యం, నేను ఉపన్యాసం మొదలెట్టాను. స్నో టైరు రబ్బరు చలికి బిగుసుకోకుండా మెత్తగా ఉంటుంది, మెత్తటిది రోడ్డుని పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని దొర్లించడానికి ఇంజన్ ఎక్కువ కష్టపడాలి. పైగా చలిలో ఆయిల్ చిక్కబడుతుంది, గాలి బరువెక్కుతుంది, ఇంజన్ వేడెక్కడానికే కొంత గ్యాస్ పోతుంది. కాకపోతే మనం వేస్తున్నది చిన్న చక్రం, సన్న టైరు. తిప్పడం తేలిక, గాలిని కోయడం తేలిక. అక్కడ పోయింది కొంత ఇక్కడ వస్తుంది. "నేను మెకానికల్ ఇంజనీర్ని అంకుల్, నన్ను నమ్మండి" అన్నాను. మెకానికల్ చదివిన మాట నిజమే. మా బ్యాచ్ అంతా చేసినట్టే, డిగ్రీ చేతికి రాగానే మూడు నెలల కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. ఆ తర్వాత నేను పట్టుకున్న యంత్రం ఆ జాకీ ఒక్కటే.

మూడు వారాల తర్వాత నోట్‌బుక్ చూసి నా ఛాతీ పొంగింది. కిందటి చలికాలం ఇరవై ఆరు ఇచ్చిన కారు, స్నో టైర్లు వేశాక ఇరవై ఏడు ఇచ్చింది. తగ్గాల్సింది పెరిగింది. చిన్న చక్రం మహిమ అని మా ఆవిడతో చెప్పాను, ఆఫీస్‌లో చెప్పాను, పనిలో పనిగా ప్లేనోకి కూడా ఫోన్ చేసి చెప్పాను. మా ఆవిడ మాత్రం "మంచిగనే ఉంది గానీ, ఇగ చాలు" అంది.

డిసెంబర్ మొదట్లో ఒక పొద్దున నేను మా డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తుంటే అంకుల్ రోడ్డు దాటి వచ్చారు. చేతిలో ఆ నోట్‌బుక్ ఉంది.

"ఇది చూడు. ఇరవై ఒకటి."

"ఏం అంకుల్?"

"మాల్‌కి ఇరవై మైళ్ళు. కొన్ని వారాలుగా ఇరవై ఒకటి వస్తోంది. మొదట రాసేప్పుడు తప్పు చూశాననుకున్నాను. రోజూ ఇరవై ఒకటే."

ఎక్కడో పార్కింగ్ కోసం తిరిగి ఉంటారన్నాను. డాక్టర్ గారు తల అడ్డంగా ఊపారు. అంత పొద్దున మాల్ పార్కింగ్ అంతా ఖాళీయే, ఎప్పుడూ ఒకే తలుపు దగ్గర ఆపుతారు. నేను పార ఆపి పేజీ చూశాను. ఇరవై ఒకటి, ఇరవై ఒకటి, ఇరవై ఒకటి. దారి తప్పే మనిషి ఒకరోజు రెండు మైళ్ళు, ఒకరోజు అయిదు తప్పాలి. ఇది రోజూ ఒకటే మైలు. నాకెందుకో ఆ చలిలో ఇంకొంచెం చలి వేసింది.

వారం తర్వాత ఆయనే దానికి అర్థం చెప్పారు. ఆయన వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాం.

"దారిలో మూడో సిగ్నల్ ఉందా, దాని దగ్గర తిన్నగా పోతే మాల్. కుడికి తిరిగితే అర మైలులో ఆస్పత్రి. అర మైలు లోపలికి, అర మైలు బయటికి. సరిగ్గా ఒక మైలు."

ఆయన పనిచేసిన ఆస్పత్రి అదే. ఆంటీ పోయిందీ అందులోనే. అప్పుడే మొదటిసారి ఆ సంగతి నాకు చెప్పారు. తొమ్మిది రోజులు ఆవిడ మంచం పక్కనే ఉన్నారట. పదోరోజు పొద్దున, ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తానని చెప్పి వచ్చారు. తల తుడుచుకుంటుంటే ఫోన్ వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఆ సిగ్నల్ దగ్గర కుడికి తిరగలేదు.

"తిరగలేదనుకున్నాను. తిరుగుతున్నానన్నమాట. నాకు తెలియకుండా" అన్నారు.

ఆయన గొంతులో భయం లేదు, పేషంట్ గురించి చెబుతున్నట్టు చెప్పారు. తను వెళ్ళిన చోటు తనకే గుర్తులేని వాళ్ళని ఎంతోమందిని చూశారట. వాళ్ళంతా నాకేం కాలేదనే అనేవారట. అందుకే తనకేం కాలేదని తనే అనుకుంటే నమ్మడానికి లేదన్నారు. నేను నవ్వి తేలిక చెయ్యబోయాను గానీ నవ్వు రాలేదు.

తర్వాత ఆయన ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాలతో "తిన్నగా వెళ్ళు" అని రాసి స్టీరింగ్ వెనక అంటించుకున్నారు. మర్నాడు ఇరవై ఒకటి. వాచీ పెట్టుకుని చూస్తే, ఎండాకాలం కంటే పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. మంచులో ఎవరికైనా పడుతుంది. కానీ ఆయనకి ఆ పది నిమిషాలు కూడా సాక్ష్యంగా కనపడ్డాయి. నిజం చెప్పాలంటే నాకూ కనపడ్డాయి. ఒక్కరోజు ఆయన పక్క సీట్లో కూర్చుని వెళ్ళొస్తే విషయం తేలిపోయేది. ఆఫీస్ ఉందని తప్పించుకున్నాను. ఆఫీస్ కాదు, నాకు భయం వేసింది. ఆ సిగ్నల్ దగ్గర ఆయన తనకి తెలియకుండా కుడివైపు స్టీరింగ్ తిప్పుతుంటే, ఆ మొహాన్ని పక్కనుంచి చూడాల్సి వస్తుందని భయం.

జనవరిలో ఆయనకి గుర్తుకు రావడం మొదలైంది.

మొదట పార్కింగ్ గుర్తొచ్చిందన్నారు. దీపస్తంభం కింద మంచు కుప్ప, దాని పక్కన కారు ఆపి ఉండటం. మరో వారానికి కిటికీ. మూడో అంతస్తు, ఎడమనుంచి నాలుగోది, ఆంటీ ఉన్న గదిది. తన కారు హీటర్ చప్పుడు కూడా గుర్తొస్తోందన్నారు. ఒకరోజు మా ఇంటికొచ్చి, షూ విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పారు.

"కిటికీ గాజు మీద లోపలంతా ఆవిరి పట్టి ఉంది. ఎవరో చేత్తో తుడిచారోయ్. ఇంతే, ఒక అరచెయ్యంత మేర. తుడిచి, బయటికి చూశారు."

"ఎవరు అంకుల్?"

"చెయ్యి ఒక్కటే కనపడింది."

ఆయన మొహంలో దిగులు లేదు. చాలా రోజుల తర్వాత నిండా నిద్రపోయి లేచిన మనిషిలా ఉన్నారు. ఆయన వెళ్ళిపోయాక మా ఆవిడ లోపలికెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. నేను కిటికీలోంచి ఎదురింటి గరాజ్ తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ ఆదివారం కూతురు ఫోన్ చేసి మామూలుగానే అడిగింది: "నాన్న ఓకేనా?" ఓకే అంటే సరిపోయేది. కానీ నా దగ్గర అంకె ఉంది. అంకె కడుపులో దాచుకోవడం నాకు ఈ జన్మలో చేతకాదు. రోజుకి ఒక మైలు ఎక్కువ వస్తోందని, ఆస్పత్రి అర మైలు లోపలుందని, కాగితం అంటించుకున్నారని, కిటికీ సంగతి, అన్నీ చెప్పాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"నిన్నెవరడిగిన్రు?" అంది మా ఆవిడ, నేను ఫోన్ పెట్టేశాక. "ఆయన నిన్ను నమ్మి చెప్పుకున్నడు. నువ్వు పోయి రిపోర్ట్ ఇచ్చినవ్."

నాలుగు రోజుల్లో కూతురు వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షకి అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత దొరికింది. అప్పటిదాకా డ్రైవింగ్ బంద్. ఏప్రిల్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టి ఆయన్ని ప్లేనో తీసుకుపోవాలని నిర్ణయించుకుంది. ఆయన వాదిస్తారని నేను ఎదురుచూశాను. ఆయన లేచి, గోడకున్న కొక్కెం మీంచి కారు తాళాలు తీసి, కూతురి చేతిలో పెట్టారు.

"ఎంతమంది చేత ఇలా పెట్టించానో. నేను డాక్టర్‌నైతే ఇదే చెప్పేవాణ్ణి" అన్నారు.

కారు చలికి పడి ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది కాబట్టి వారానికోసారి నడపమని కూతురు ఆ తాళాలు నాకిచ్చి వెళ్ళింది. ఇక రోజూ పొద్దున తొమ్మిదింటికి అంకుల్ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, ముందు గది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. అలా తయారై ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చున్న మనిషిని రోడ్డుకి ఇవతల నుంచి రోజూ చూశాను. చేసింది మంచిపనే అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, మా కిటికీ బ్లైండ్స్ దించేసుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున ఆ కారు తీశాను. లోపల ఏదో హ్యాండ్ లోషన్ వాసన, హీటర్ వేడెక్కేకొద్దీ పెరిగింది. స్టీరింగ్ వెనక "తిన్నగా వెళ్ళు" కాగితం అలాగే ఉంది. మాల్‌లో మా ఆవిడకి ఏదో మార్చాల్సింది ఉంటే అటే పోనిచ్చాను. అలవాటు కొద్దీ ట్రిప్ మీటర్ సున్నా చేశాను. దారంతా తెల్లటి పొగమంచు, రోడ్డు అంచు ఎక్కడో ఆకాశం ఎక్కడో తెలియలేదు. మూడో సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. కుడివైపు ఆస్పత్రి బోర్డు మాత్రం పొగమంచులో నీలంగా కనపడుతోంది. పచ్చ లైటు పడగానే తిన్నగా వెళ్ళాను. వచ్చేటప్పుడూ తిన్నగానే వచ్చాను. గరాజ్‌లో ఆపి మీటర్ చూశాను.

ఇరవై ఒకటి.

ఇంజన్ ఆపకుండా కూర్చుండిపోయాను. తిన్నగా వెళ్ళిన నేను, కుడికి తిరగని నేను, ఒక మైలు ఎక్కడికి వెళ్ళొచ్చాను? మూడో సిగ్నల్ దగ్గర్నుంచి ప్రతి మలుపూ గుర్తుచేసుకున్నాను. అన్నీ గుర్తున్నాయి. అంకుల్‌కి కూడా అన్నీ గుర్తుండే ఉంటాయని అప్పుడు తట్టింది. వెనక సీటు వైపు తిరిగి చూడాలంటే ధైర్యం చాలలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళవాణ్ణి, ఇంజనీర్ని, ఎదురింటివాళ్ళ గరాజ్‌లో అద్దంలోకి చూడకుండా తలుపు తీసుకుని బయటపడ్డాను.

మర్నాడు మళ్ళీ తీశాను, ఈసారి మాల్‌కి కాదు. హైవే ఎక్కాను. హైవే పక్కన మైలుకొకటి చొప్పున చిన్న ఆకుపచ్చ బోర్డులుంటాయి. ఒక బోర్డు దగ్గర మీటర్ సున్నా చేసి, బోర్డులు లెక్కపెడుతూ వెళ్ళాను. మొదటి బోర్డు రాకముందే మీటర్ ఒకటి చూపించింది. కొద్దిగానే ముందు. రెండో బోర్డుకి ఇంకొంచెం ముందు. పది బోర్డులు దాటేసరికి మీటర్‌లో పదిన్నర ఉంది. నేను కారు పక్కకి తీసి ఆపి, దిగి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని టైరు మీది అంకెలు చదివాను.

పదిహేను అంగుళాల చక్రం వేసుకోవచ్చు, తప్పులేదు. కానీ చక్రం చిన్నదైనప్పుడు దాని చుట్టూ రబ్బరు ఎత్తు పెరగాలి, మొత్తం టైరు పాత ఎత్తే రావాలి. నేను వేసినవి ఇంకా చిన్న కారు టైర్లు. చక్రమూ చిన్నదే, రబ్బరూ పొట్టిదే. కారుకి మైలంటే ఏమిటో తెలియదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, చుట్టుకి ఇంత దూరమని ఫ్యాక్టరీలో చెప్పిన మాట నమ్మి మైళ్ళు చూపిస్తుంది. టైరు చిన్నదైతే అదే దారికి ఎక్కువ చుట్లు తిరగాలి. ఇరవై మైళ్ళకి ఒక మైలు ఎక్కువ వస్తుంది. నేను ఊరంతా చెప్పుకున్న ఇరవై ఏడు కూడా అబద్ధమే, కారు ఇరవై ఆరు కూడా ఇవ్వలేదు. ఇంజనీరింగ్ రెండో ఏడు కుర్రాడు అయిదు నిమిషాల్లో చెప్పే సంగతి. ఆ హైవే పక్కన నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

తిన్నగా అంకుల్ ఇంటికి వెళ్ళాను. ఆయన కోటు, టోపీతో కిటికీ దగ్గరే ఉన్నారు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. కాగితం మీద రెండు గుండ్రాలు గీసి చూపించాను. క్షమించమని అడిగాను.

"మీకేం కాలేదు అంకుల్. మీరు ఒక్కరోజు కూడా అటు తిరగలేదు. తప్పంతా నాది."

సంతోషిస్తారనుకున్నాను, లేదా నన్ను చెడామడా తిడతారనుకున్నాను. ఆయన ఆ రెండు గుండ్రాల వంకే చూస్తూ ఉండిపోయారు.

"అయితే నేను వెళ్ళలేదన్నమాట."

"లేదంకుల్."

"మరి ఆ చెయ్యి? గాజు తుడిచింది నేను చూశానోయ్. ఎక్కడ చూశాను?"

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మతి పోయిందనుకున్నప్పుడు భయపడ్డ మాట నిజమే. కానీ ఒక నిశ్చింత ఉండేది. నాకు తెలియకపోయినా నా కాళ్ళకి తెలుసు, రోజూ వెళ్ళి దాని కిటికీ కింద కూర్చుని వస్తున్నాను కదా అని. ఇప్పుడు నా మతి నాకుంది. నేను వెళ్ళలేదు."

అన్నేళ్ళ మనిషి నా ముందు ఏడుస్తుంటే నేను ఆ కాగితం మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

కూతురికి ఆ పూటే ఫోన్ చేసి చెప్పాను. ఆమె నవ్వింది, ఏడ్చింది, ఇంగ్లిష్‌లో నన్ను ఒక మాట అంది, అనాల్సిందే. డాక్టర్ పరీక్ష అయ్యేదాకా ఆగి, అందులో ఏ లోపమూ లేదని తేలాక, తాళాలు మళ్ళీ ఆయన గోడ కొక్కేనికి తగిలించాను. ప్లేనో ప్రయాణం ఆగిపోయింది. ఏప్రిల్‌లో మంచు కరగగానే పాత పదహారు అంగుళాల చక్రాలు నేనే ఎక్కించాను. ఈసారి టైరు మీది అంకెల్ని తలుపు అంచున అంటించిన స్టిక్కర్‌తో పోల్చి, రెండుసార్లు పైకి చదివాను. అంకుల్ స్టూల్ మీద కూర్చుని చూశారు గానీ ఎంత ఇస్తుందని అడగలేదు.

నెలకోసారి టైర్లలో గాలి చూస్తానని కూతురికి మాటిచ్చాను. మే నెలలో ఒక సాయంత్రం గాలి చూసి, ఆ లెక్క రాయడానికి గ్లవ్ బాక్స్‌లోంచి నోట్‌బుక్ తీశాను. టైర్లు మార్చిన మొదటి వారం ఇరవై, ఇరవై, ఇరవై. నా ప్రాణం కుదుటపడింది. పేజీ తిప్పాను. ఇరవై ఒకటి. ఇరవై ఒకటి. ఇరవై ఒకటి.

కిందకి వంగి నాలుగు టైర్ల మీది అంకెలూ చదివాను. స్టిక్కర్ చూశాను. తేడా లేదు. మళ్ళీ నోట్‌బుక్ తీస్తే, అప్పుడు కనపడింది. ఆంటీ పెట్టిన "ఇచ్చింది" గడి పక్కన ఆయన స్కేలుతో కొత్త గీత ఒకటి గీసి, కొత్త గడి చేశారు. ఇరవై ఒకటి ఉన్న ప్రతి రోజుకి ఎదురుగా, డాక్టర్ల రాత కాకుండా విడివిడి అక్షరాలతో, ఒకటే మాట రాసి ఉంది: "వెళ్ళాను."

స్టీరింగ్ వెనక కాగితం లేదు. ఇంట్లోంచి ఆయన టీవీ చప్పుడు మామూలుగా వినపడుతోంది. నేను గాలి లెక్క రాయకుండానే నోట్‌బుక్ లోపల పెట్టి, గ్లవ్ బాక్స్ మూశాను. ఆ కిటికీ కింద ఆయనకి ఏం కనపడుతోందో అడగాలనిపించింది, అడగలేదు.

ఆ ఆదివారం ప్లేనో నుంచి ఫోన్ వచ్చింది.

"కారు మీటర్ ఇప్పుడు కరెక్ట్‌గా చూపిస్తోందా?" అంది కూతురు.

మా ఆవిడ వంటింట్లోంచి నా వైపే చూస్తోంది.

"కరెక్ట్‌గానే చూపిస్తోంది" అన్నాను.